అడవి అంచున పొలం: పందులు, పొదలు, చెట్ల బేరం. ముందు దేని సంగతి చూడాలి?

గట్టుమీద_గోపి
నాన్న నుంచి వచ్చిన భూమి. ఒక వైపంతా అడవే. మధ్యలో కంచె లేదు, కందకం లేదు. కొన్నేళ్ళు ఎవరూ పట్టించుకోక సగం బీడు పడింది. ఆ బీడులో ఇప్పుడు మనిషి దూరలేనంత గుబురుగా లాంటానా అనే కలుపు పొద. మిగతా సగంలో పంట వేస్తే సరిగ్గా కంకి పాలుపోసుకునే వేళకు అడవి పందులు దిగుతున్నాయి. తినేదానికంటే తొక్కేది ఎక్కువ. గట్లు కూడా ముట్టెతో లేపేస్తున్నాయి. ఇవి చాలనట్టు గట్ల మీది పాత టేకు చెట్లు, వెదురు చూసి ఒక వ్యాపారి వచ్చాడు. "మొత్తం గుత్తగా ఇచ్చేయండి, పొదలు కూడా నేనే కొట్టించి శుభ్రం చేసి ఇస్తా" అంటున్నాడు. ఇంట్లో వాళ్ళు ఇచ్చెయ్యమంటున్నారు. నాకెందుకో తేడాగా ఉంది. ఉన్న డబ్బుతో ఈ ఏడాది ఒక్క పనే చేయగలను. కంచె వేయాలా, పొదలు తీయాలా, చెట్లు అమ్మాలా? చేసి చూసినవాళ్ళు చెప్పండి. "అమ్మేసి సిటీకి వెళ్ళిపో" అనేవాళ్ళు దయచేసి పక్క చర్చకు వెళ్ళండి.

కొడవలి
అమ్మేసి... సరే సరే, అననులే.

కంచెమేస్త్రి
కంచె. ఇందులో ఆలోచించడానికేముంది? పంట నిలిస్తేనే మిగతా పనులకు డబ్బు. సోలార్ కంచె వేయండి, ఆ రాత్రి నుంచే ఫలితం కనబడుతుంది.

పాదముద్ర
కంచె కంటే ముందు, వచ్చేది ఎవరో తేల్చుకోండి. పంది కోసం కంచె వేశాక వచ్చేది దుప్పి అని తెలిస్తే లాభం లేదు, ఒక్క దూకులో లోపలుంటుంది.

తడి మట్టిలో అడుగులు చూడండి. పందిదైతే రెండు గిట్టల ముద్ర వెనకాల కాస్త పక్కకు మరో రెండు చిన్న గుర్తులు పడతాయి. దుప్పి మామూలుగా నడిచినప్పుడు ఆ వెనక గిట్టలు నేలకు తగలవు. కొరికిన చోటు చూసినా తెలుస్తుంది. జింక జాతికి పై దవడలో ముందు పళ్ళు ఉండవు, అందుకే లాగి తెంపుతుంది, తెగిన చోట పీచులు వేలాడుతుంటాయి. కుందేలు కొరికితే ఏటవాలుగా, నున్నగా తెగుతుంది. చెట్టు మొదట్లో బెరడు గీకేసి, దుంపలు తవ్వి ఉంటే ముళ్ళపంది. నేల పొడవునా తిరగబడి ఉండి, దగ్గర్లోని చెట్టు మొదలుకు ఎండిన బురద రాసుకుని ఉంటే అడవి పందే, సందేహం వద్దు.

గట్టుమీద_గోపి
@పాదముద్ర పొద్దున్నే వెళ్ళి చూశాను. వెనక గిట్టల గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. పెద్దవీ చిన్నవీ కలిసి ఉన్నాయి. గట్టు పక్క మొక్కలు కొన్ని మాత్రం నున్నగా తెగి ఉన్నాయి.

పాదముద్ర
నున్నగా తెగినవి కుందేళ్ళ పని. వాటిని వదిలేయండి, నష్టం తక్కువ. చిన్నా పెద్దా కలిసి ఉన్నాయంటే పిల్లలున్న ఆడపందుల గుంపు. ముదురు మగపంది ఒంటరిగా తిరుగుతుంది.

ఎర్రమట్టి
గోపి గారూ, అవి అడవిలోంచే వస్తున్నాయని ఎందుకనుకుంటున్నారు? పగలు ఎక్కడ పడుకుంటున్నాయో చూశారా? పందికి చెమట పట్టి ఒళ్ళు చల్లబడే ఏర్పాటు లేదు. ఎండ వేళ దానికి నీడ, బురద, మనిషి రాని చోటు కావాలి. మీ లాంటానా పొద అచ్చంగా అదే. పొలానికీ పొదకీ మధ్య బాటలు పడి ఉంటాయి, చూడండి. బాట ఆ పొదలోకే వెళ్తుంటే మీ సమస్య అడవి కాదు, మీ బీడే. అలాంటప్పుడు భూమి చుట్టూ కంచె వేస్తే పందుల్ని బయట పెట్టినట్టు కాదు, లోపల పెట్టి తలుపేసినట్టు.

కొడవలి
పందుల ఫారం. లైసెన్సు కూడా అడగాలేమో.

కంచెమేస్త్రి
@ఎర్రమట్టి మాట బాగానే ఉంది గానీ, సగం భూమిలో పొద తీయడమంటే ఒక సీజనులో తేలే పనా? అప్పటిదాకా పంట ఎవరు కాస్తారు? నేను చెప్పేది భూమి చుట్టూ కాదు, పంట చుట్టూ మాత్రమే. తీసి వేరే చోట పెట్టుకునే తాత్కాలిక కంచె.

ఎర్రమట్టి
అలాగైతే ఒప్పుకుంటా. మీ మొదటి పోస్టులో ఆ ముక్క లేదు మరి.

గట్టుమీద_గోపి
బాటలున్నాయి! నిజంగానే పొదలోంచే. లోపల ఒక పల్లంలో బురద గుంట కూడా కనబడింది. ఇంకా లోపలికి వెళ్ళే ధైర్యం చేయలేదు.

పాదముద్ర
మంచి పని చేశారు. పిల్లలున్న తల్లి పొదలో ఎదురైతే పారిపోదు, మీదికొస్తుంది. ఒంటరిగా అసలు వెళ్ళొద్దు.

అగ్గిపుల్ల
ఎండాకాలం రానిచ్చి ఒక అగ్గిపుల్ల గీస్తే పొదా పోతుంది, పందులూ పోతాయి.

ఎర్రమట్టి
@అగ్గిపుల్ల పేరుకు తగ్గ సలహా. లాంటానా పైన కాలినా మొదలు చావదు. వాన పడగానే అక్కడి నుంచే గుబురుగా లేస్తుంది. దానికి పోటీ వచ్చే గడ్డి, చిన్న మొక్కలు మాత్రం కాలిపోయి ఉంటాయి. అంటే మీరు కాల్చింది దాని శత్రువుల్ని. ఆ మంట అడవిలోకి పాకితే ఆ తర్వాత వచ్చే కేసుల ముందు పందులే నయం.

సరైన పద్ధతి ఒకటుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ సి.ఆర్. బాబు రూపొందించింది, కార్బెట్ అభయారణ్యం లాంటి చోట్ల వాడారు. కాండం వేరుగా మారే చోటు నుంచే లాంటానా మళ్ళీ చిగురిస్తుంది. అందుకే నేల మట్టానికి కొడితే లాభం లేదు. మొదలు చుట్టూ కాస్త మట్టి తీసి, మూడు నాలుగు అంగుళాల లోతులో తల్లివేరు తెగేలా నరకాలి. తర్వాత పొద మొత్తాన్నీ లేపి తలకిందులుగా పెట్టి ఎండనివ్వాలి. తలకిందులు ఎందుకంటే, మొదలు మళ్ళీ తడి మట్టికి తగిలితే వేరు పట్టేస్తుంది.

పని ఏ వైపు నుంచి మొదలుపెడతారన్నదీ ముఖ్యమే. అడవికి దూరంగా ఉన్న అంచున మొదలుపెట్టి అడవి వైపు జరుగుతూ పోండి. పందులకు వెనక దారి తెరిచి ఉండాలి. అటువైపు మూసుకుంటూ వస్తే కూలీల మీద పడతాయి.

పశువుల_డాక్టరమ్మ
కొట్టిన లాంటానా కుప్పలు పశువులకు అందకుండా చూడండి. ఆకులో లాంటడీన్లు అనే విషాలుంటాయి, కాలేయం దెబ్బతింటుంది. ఆ తర్వాత ఎండకు ముక్కు, చెవులు, తెల్ల మచ్చలున్న చోట చర్మం కమిలి ఊడుతుంది. అక్కడే పుట్టి పెరిగిన పశువులు సాధారణంగా దాన్ని ముట్టవు. కొత్తగా కొని తెచ్చినవి, ఆకలి మీదున్నవి తింటాయి. తిన్నదని అనుమానం వస్తే ముందు నీడలో కట్టేసి వెంటనే డాక్టర్ని పిలవండి.

మందుపంపు
ఎందుకింత కష్టం? కొట్టిన వెంటనే మొదలు మీద గ్లైఫోసేట్ అనే కలుపు మందు పూయండి, అయిపోతుంది.

వానపాము
వచ్చేశాడు మందు బాబు.

మందుపంపు
@వానపాము వెటకారం పక్కన పెట్టి వినండి. పొద మీద పిచికారీ చేయమనలేదు. అలా చేస్తే పక్కనున్న ప్రతి పచ్చటి ఆకూ పోతుంది, నాకూ తెలుసు. కోసిన మొదలు మీద బ్రష్‌తో, అదీ బెరడు కిందున్న పచ్చటి వలయం మీద మాత్రమే. కోసిన కొద్ది నిమిషాల్లోనే పూయాలి, ఆరాక పూస్తే లోపలికి లాగదు. చాలామంది "పనిచేయలేదు" అనడానికి కారణాలు నేను చెబుతా: బురద నీళ్ళలో కలుపుతారు. మట్టి రేణువులు ఆ మందును పట్టేసుకుంటాయి, ఇక మొక్కకు చేరేదేముంది? లేదంటే నీరు లేక వాడిపోయి దుమ్ము పట్టిన ఆకు మీద కొడతారు. చేతికి గ్లౌజులు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి.

వానపాము
తల్లివేరు తెంచితే చచ్చేదానికి మందెందుకు అన్నదే నా ప్రశ్న. పైగా పల్లంలో నీటి గుంట ఉందంటున్నాడాయన. మందు కలిసిన నీళ్ళు అక్కడికే పోతాయి.

మందుపంపు
రాళ్ళ మధ్య మొలిచినవి తవ్వడం కుదరదు కదా. అలాంటి వాటికే అంటున్నా. నీటి గుంట పక్కన నేనూ వద్దంటా.

తెలిసినోడు
మందులూ గొడ్డళ్ళూ కాదు, పురుగుల్ని వదలాలి. ఆస్ట్రేలియాలో లక్షల ఎకరాలు మింగేసిన నాగజెముడును ఒక చిన్న రెక్కల పురుగు తినేసింది. కాక్టోబ్లాస్టిస్ దాని పేరు. అర్జెంటీనా నుంచి తెచ్చి 1926లో పొలాల్లో వదిలారు. కొన్నేళ్ళలోనే భూములు మళ్ళీ సాగులోకి వచ్చాయి. క్వీన్స్‌లాండ్‌లో బూనార్గా అనే ఊళ్ళో ఆ పురుగు పేరు మీద స్మారక భవనమే కట్టారు.

వానపాము
అదే క్వీన్స్‌లాండ్‌లో 1935లో చెరకు పురుగుల్ని తింటాయని కప్పల్ని కూడా తెచ్చి వదిలారు. పురుగుల్ని పెద్దగా ముట్టలేదు గానీ దేశం ఉత్తరాన, తూర్పున చాలా దూరం పాకాయి. ఒళ్ళంతా విషం కావడంతో వాటిని తిన్న జంతువులు చచ్చాయి. వాటికీ భవనం కట్టారా?

కొడవలి
వాటికి కట్టక్కర్లేదు, ఖండమంతా వాటి ఇల్లే.

ఎర్రమట్టి
లాంటానా మీద పురుగుల ప్రయోగం 1902లోనే హవాయిలో మొదలైంది. మెక్సికో నుంచి తెచ్చి వదిలారు. ఆ తర్వాత ఎన్నో దేశాలు డజన్ల కొద్దీ రకాలు ప్రయత్నించాయి. కొన్ని చోట్ల ఆకు రాలుతుంది, పూత తగ్గుతుంది గానీ పొద మాత్రం చావడం లేదు. పైగా ఇది రైతు సొంతంగా చేసే పని కాదు. ఒక పురుగు వేరే మొక్కను తినదని పరీక్షించి తేల్చడానికే ఏళ్ళు పడుతుంది.

పొలంపిల్ల
వయ్యారిభామ మీద పురుగు పనిచేస్తుంది కదా? మా దగ్గర వానాకాలంలో చారల పెంకు పురుగులు ఆకంతా జల్లెడ చేసేస్తాయి.

ఎర్రమట్టి
అవును, మెక్సికన్ పెంకు పురుగు, జైగోగ్రామా. 1984లో బెంగళూరులో మొదట వదిలారు. వానలున్నంత కాలం తింటుంది, పొడి నెలల్లో మట్టిలోకి దూరి పడుకుంటుంది. అందుకే దాని మీదే భారం వేయలేం. గోపి గారూ, వయ్యారిభామ ఊసొచ్చింది కాబట్టి చెబుతున్నా. పొద తీశాక నేలను ఖాళీగా వదిలితే మీకు రెండో కలుపు మొదలవుతుంది. ఒక్క వయ్యారిభామ మొక్క వేల గింజలు రాలుస్తుంది, అవి మట్టిలో ఏళ్ళ తరబడి బతికుంటాయి. తీసిన ముక్క తీసినట్టే, మొదటి వానకే జనుమో పశుగ్రాసమో ఒత్తుగా చల్లేయండి. కసివింద జాతి మొక్కలు కూడా దాన్ని అణిచేస్తాయి. పూత రాకముందే, తడి నేలలో, వేరుతో సహా పీకాలి. చేతులకు తొడుగు లేకుండా ముట్టొద్దు, చర్మం పగులుతుంది, ఆయాసం ఉన్నవాళ్ళకు ఇంకా ప్రమాదం.

అలాగే పిట్టలు వాలే పెద్ద చెట్ల కింద ప్రతి వానాకాలం చూసుకోండి. లాంటానా పండ్లు తిన్న పిట్టలు గింజలు విడిచేది అక్కడే.

మేకలబాబు
మేకల్ని తోలితే కలుపు సమస్యే ఉండదు అంటారు మా వాళ్ళు.

తెలిసినోడు
సర్కారు తుమ్మ ఉన్న చోట మాత్రం ఆ మాట అనొద్దు. కాయల్ని పశువులు తింటాయి, గింజ అరక్కుండా పేడలో బయటపడి ఎరువుతో సహా మొలుస్తుంది. కెన్యాలో బరింగో ప్రాంతం వాళ్ళు ఈ తుమ్మ మీద 2006లో కోర్టుకెళ్ళారు. ఆ తీపి కాయలు తిని పళ్ళూడిపోయిన మేకను సాక్ష్యంగా కోర్టు దాకా తీసుకెళ్ళారు.

కొడవలి
మేకను క్రాస్ ఎగ్జామిన్ చేశారా?

మేకలబాబు
మా మేకలకు చెప్పకండి, నష్టపరిహారం అడుగుతాయి.

కంచెమేస్త్రి
మళ్ళీ కంచె దగ్గరికి వద్దాం. గోపి గారు ప్రైవేటుగా అడిగారు, అందరికీ పనికొస్తుందని ఇక్కడే రాస్తున్నా.

పందికి ఎత్తయిన కంచె అక్కర్లేదు, కింది తీగే ప్రాణం. అది దూకే జంతువు కాదు, ముట్టెతో లేపి కింది నుంచి దూరేది. మొదటి తీగ నేలకు జానెడు ఎత్తులో, అంటే దాదాపు 20 సెంటీమీటర్లలో ఉండాలి. దాని పైన అంతే ఎడంతో ఇంకో రెండు చాలు. ఒంటి మీది వెంట్రుకల వల్ల పక్క నుంచి తగిలితే దానికి సరిగా తెలియదు. తడి ముట్టెకు తగలాలి. నేల ఎగుడుదిగుడుగా ఉన్న చోట తీగ కింద సందు పెరుగుతుంది, అక్కడ ఇంకో గుంజ పాతండి.

ఎనర్జైజర్, అంటే తీగలోకి కరెంటు పంపే పెట్టె, సెకనుకు దాదాపు ఒక్కసారి, అదీ సెకనులో వెయ్యో వంతు కూడా లేనంత సేపు షాక్ కొడుతుంది. వోల్టేజీ వేలల్లో ఉన్నా ప్రాణం పోకుండా జంతువు వెనక్కి లాక్కునేది అందుకే. నాలుగు వేల వోల్టులకు తగ్గకుండా ఉండేలా టెస్టరుతో రోజూ చూసుకోవాలి. చాలా కంచెలు ఫెయిలయ్యేది రెండు కారణాలతో. ఒకటి ఎర్తింగ్. ఎండిన నేలలో ఒక్క కడ్డీ సరిపోదు, పొడవాటివి కనీసం మూడు, ఒకదానికొకటి దూరంగా, వీలైతే తేమ ఉండే చోట పాతాలి. రెండోది గడ్డి. పచ్చగడ్డి తీగకు తగిలితే కరెంటంతా నేలలోకి పోతుంది. తీగ కింద ఎప్పుడూ శుభ్రంగా ఉండాలి.

ఇంకోటి, పంటకు రుచి మరిగాక వేసిన కంచెను అవి మొండిగా తోసుకొస్తాయి. కంకి రాకముందే వేసి, మొదటి రాత్రి నుంచే కరెంటు ఉంచండి. ఒక్క రాత్రి ఆపినా తెలిసిపోతుంది వాటికి.

దమ్ము_చక్రం
ఇంత ఖర్చెందుకు అన్నా, మోటారు కనెక్షన్ నుంచి ఒక తీగ లాగితే సరి.

కంచెమేస్త్రి
@దమ్ము_చక్రం తమ్ముడూ, ఆ మాట సరదాకి కూడా అనకు. ఇంటి కరెంటు తగిలితే కండరాలు బిగుసుకుపోతాయి, వదిలించుకోలేం. రాత్రి నీళ్ళు పెట్టడానికొచ్చిన పక్క రైతు, వాళ్ళ కుక్క, నీ సొంత కొడుకు, ఎవరు ముందు తగిలితే వాళ్ళే. ఇలా చచ్చిపోయినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళొచ్చాను. పైగా అది నేరం.

పాదముద్ర
మోడరేటర్లు ఆ పోస్టు తీసేయకుండా ఉంచితే మేలు. కింద సమాధానం చూసైనా ఒకరిద్దరు మానుకుంటారు.

దమ్ము_చక్రం
సరే అన్నా, అర్థమైంది.

పొలంపిల్ల
జుట్టు కుప్పలు, ఫినాయిల్ గుడ్డలు, రాత్రంతా రేడియో... వీటి సంగతేంటి? మా బాబాయి ఇవన్నీ పెడతారు.

పాదముద్ర
కొన్నాళ్ళు పనిచేస్తాయి. పందికి చూపు తక్కువ, వాసన పసిగట్టడం చాలా ఎక్కువ, కాబట్టి కొత్త వాసన అంటే మొదట జంకుతుంది. దాని వెనక అపాయం లేదని తెలిశాక పట్టించుకోదు. కోతకు ముందు చివరి రోజుల కోసం దాచుకుని, రోజూ చోటు మారుస్తూ, ఒకదాని తర్వాత ఒకటి వాడమనండి బాబాయిని. నాటిన రోజు నుంచే అన్నీ పెట్టేస్తే అసలు టైముకు చేతిలో ఏమీ మిగలదు.

పొలంపిల్ల
బాబాయి రేడియోలో వార్తలు పెడతారు. పందులకు ఇప్పుడు రాజకీయాలు బాగా తెలుసు.

తేనెపట్టు
ఏనుగులున్న చోటైతే తేనెటీగల కంచె ఉంది. కెన్యాలో లూసీ కింగ్ అనే పరిశోధకురాలు మొదలుపెట్టింది. పొలం చుట్టూ పది మీటర్లకొకటి చొప్పున తేనె పెట్టెలు వేలాడదీసి, వాటిని తీగతో కలుపుతారు. ఏనుగు తీగను తోస్తే పెట్టెలన్నీ ఊగుతాయి, ఈగలు బయటికొస్తాయి. తేనె అదనపు లాభం. గోపి గారి పందులకు ఇది పనికిరాదు, పక్క పొలాల వాళ్ళెవరైనా చదువుతుంటే పనికొస్తుందని రాశా.

కలపలెక్క
ఎవరూ చెట్ల బేరం సంగతి మాట్లాడటం లేదు. అసలు ముప్పు అక్కడుంది.

గుత్త బేరానికి ఒప్పుకోకండి. ముందు మీ చెట్లు మీరే లెక్కేసుకోండి. ప్రతి చెట్టుకూ రొమ్ము ఎత్తులో, అంటే నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర టేపుతో చుట్టుకొలత తీసి, నంబరు వేసి, పుస్తకంలో రాయండి. ఇది చూస్తేనే సగం మంది వ్యాపారుల గొంతు మారుతుంది.

కొట్టాక దుంగను కొలిచేటప్పుడు చాలా చోట్ల పావు చుట్టుకొలత లెక్క వాడతారు. మధ్యలో చుట్టుకొలత తీసి, దాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని అంతే పెట్టి గుణించి, పొడవుతో గుణిస్తారు. ఉదాహరణకు 1.2 మీటర్ల చుట్టుకొలత, 3 మీటర్ల పొడవు. పావు 0.3. దాన్ని 0.3తో గుణిస్తే 0.09, పొడవు 3తో గుణిస్తే 0.27 ఘనపు మీటర్లు. నిజంగా ఆ దుంగలో ఉన్నది దాదాపు 0.34. అంటే ఈ లెక్కలో ఐదో వంతు పైగా ఎప్పుడూ కనబడదు. ఇది మోసం కాదు, కోతలో పోయే పొట్టు, చెక్కల కోసం పాత కాలం నుంచీ ఉన్న పద్ధతి. కానీ ఆ తరుగు ఇప్పటికే అందులో ఉందని మీకు తెలియాలి. వ్యాపారి "తరుగు పోనూ" అని ఇంకోసారి కోస్తే అప్పుడది మోసం.

ఇంకో లెక్క. చుట్టుకొలత రెట్టింపయితే కలప రెట్టింపు కాదు, అదే పొడవుకు నాలుగింతలు. పైగా టేకులో విలువంతా లోపలి చేవది. పైనున్న తెల్ల చెక్క పురుగు పడుతుంది. సన్న చెట్టులో తెల్లదే ఎక్కువ. కాబట్టి ముదిరిన నాలుగు చెట్లు అమ్మి, లేతవి ఉంచండి. చెట్టు నిలబడి ఉన్నంత కాలం వడ్డీ వస్తూనే ఉంటుంది.

"పొదలు ఉచితంగా కొట్టిస్తా" అన్నాడంటే నేల మట్టానికి కొట్టి పోతాడు. @ఎర్రమట్టి గారు చెప్పినట్టు తర్వాతి వానకు రెట్టింపు. దుంగలు లాగేటప్పుడు తెగిన గట్లు ఎవరు పోస్తారో కూడా కాగితం మీద ఉండాలి. డబ్బు చేతికొచ్చాకే దుంగ కదలాలి.

గట్టుమీద_గోపి
@కలపలెక్క ఇదే నాకు తేడా కొట్టింది! చెట్లను కొలవకుండా కంటి చూపుతోనే మొత్తం చెప్పేశాడు.

పాతఫైలు
కొట్టే ముందు ఇంకో సంగతి. సొంత పట్టా భూమిలో చెట్టయినా కొట్టడానికీ, కలప తరలించడానికీ చాలా చోట్ల అనుమతి కావాలి. ఏ జాతికి కావాలి, దేనికి అక్కర్లేదు అన్నది చోటును బట్టి మారుతుంది. అడవి అంచు భూమి అయితే ముందు హద్దు సర్వే చేయించండి. రాళ్ళు కదిలి, అడవి చెట్టును తనదనుకుని కొట్టినవాళ్ళు ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉన్నారు. "అనుమతులన్నీ నేను చూసుకుంటా" అనే వ్యాపారి రేపు దొరికితే, కాగితంలో ఉండేది మీ పేరే. పందుల్ని చంపే విషయమూ అంతే. పంట నష్టానికి దరఖాస్తు పెట్టే దారి ఉంటే ఫొటోలు, తేదీలు ఇప్పటి నుంచే దాచిపెట్టండి.

వెదురుబుట్ట
వెదురును గుత్తకు ఇవ్వడమంటే పొదను చంపుకోవడమే. మొత్తం కొట్టేస్తే దుంపకు తిండి పెట్టే ఆకే ఉండదు. మూడు నాలుగేళ్ళ గడలే తీయాలి. లేతవి బయటి వైపుంటాయి, ముదురువి లోపలుంటాయి. అందుకే పొదను గుర్రపు లాడం ఆకారంలో ఒక వైపు తెరిచి లోపలికి వెళ్ళి తీస్తారు. నేలకు దగ్గరగా, మొదటి కణుపుకు సరిగ్గా పైన కోయండి. కణుపు పైన గొట్టం మిగిలితే నీళ్ళు నిలిచి కుళ్ళుతుంది. కొమ్ములొచ్చే వానాకాలంలో ముట్టొద్దు. పిండిపదార్థం ఎక్కువున్న గడకు పురుగు త్వరగా పడుతుంది. పొడి కాలంలో కోసి కొన్ని వారాలు నీళ్ళలో ముంచి ఉంచితే అది తగ్గుతుంది. ఎక్కువ కాలం ఉండాలంటే బోరాక్సు, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో నానబెట్టాలి.

పొలంపిల్ల
వెదురు పూస్తే అరిష్టం అంటారు, నిజమేనా?

వెదురుబుట్ట
అరిష్టం కాదు గానీ ఎలుకలు మాత్రం నిజం. మిజోరంలో మావుతాం అని పిలిచే ఒక రకం వెదురు దాదాపు 48 ఏళ్ళకోసారి కొండలన్నిటి మీదా ఒకేసారి పూస్తుంది. గింజ రాలి ఎలుకలు విపరీతంగా పెరుగుతాయి. గింజ అయిపోగానే పొలాల మీద పడతాయి. 1959లో కరువే వచ్చింది. మళ్ళీ 2007 ప్రాంతంలో పూసింది. పూసిన పొద ఎలాగూ చచ్చిపోతుంది కాబట్టి పూత కనబడితే గడలు తీసి వాడుకోండి, గింజ పడిన చోట మొలకల్ని కాపాడుకోండి.

తెలిసినోడు
ఆ పేరు వెదురుది కాదు, ఆ కరువుది కదా?

వెదురుబుట్ట
అవును, మీరన్నదే సరి. ఆ పూత కాలాన్నీ కరువునూ అలా అంటారు. వెదురు మెలోకన్నా జాతి.

మందుపంపు
ఎలుకలకు బ్రోమాడియోలోన్ ఎర పెట్టండి.

పశువుల_డాక్టరమ్మ
గుడ్లగూబలున్న చోట ఆ ఎర ఆలోచించి వాడండి. తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తూలుతూ తిరుగుతుంది. దాన్ని పట్టి తిన్న గుడ్లగూబ లోపల రక్తం కారి చస్తుంది. గోపి గారి పాత చెట్లలో తొర్ర ఉన్నది ఒకటైనా ఉంచితే బాగుంటుంది. తొర్ర చెట్టుకు కలప విలువ ఎలాగూ లేదు, గుడ్లగూబకు మాత్రం అదే ఇల్లు. మలేషియా పామాయిల్ తోటల్లో ఎలుకల కోసం చెక్క పెట్టెలు కట్టి మరీ వాటిని పిలుస్తారు.

ఇంకో మాట. చనిపోయిన పశువును అడవి అంచున పడేసే అలవాటు ఉంటే, దానికి చివరి రోజుల్లో ఏ ఇంజెక్షన్ ఇచ్చారో చూసుకోండి. డైక్లోఫెనాక్ ఇచ్చిన కళేబరం తిని రాబందులు మూత్రపిండాలు పాడై చచ్చాయి. కారణం అదేనని 2004లో తేలింది, పశువులకు వాడే ఆ మందును 2006లో భారత్ నిషేధించింది. మెలాక్సికామ్ అడగండి, నొప్పికి అదీ పనిచేస్తుంది.

తేనెపట్టు
ఒక చెట్టు తొర్రలో మా పెట్టెలకు పనికొచ్చే తేనెటీగలు కూడా ఉండొచ్చు. కొట్టే ముందు చెవి పెట్టి వినండి.

కొడవలి
చెవి పెట్టి విని, తర్వాత పరిగెత్తండి.

గట్టుమీద_గోపి
ఇంట్లో కూర్చోబెట్టి ఇవన్నీ చదివి వినిపించా. ఇప్పటికి అనుకున్నది: ముందు హద్దు సర్వే. ముదురు టేకు నాలుగైదు కొలిచి, అనుమతి వచ్చాక విడిగా అమ్మి, ఆ డబ్బుతో పంట చుట్టూ మూడు తీగల కంచె. పొద మాత్రం ఏటా కొంత, ఊరి వైపు నుంచి అడవి వైపుకు, వేరు తెంచి. వ్యాపారికి "కొలిచి ఇస్తే మాట్లాడదాం" అని కబురు పెట్టా. ఇంకా ఫోన్ ఎత్తలేదు.

కలపలెక్క
ఎత్తడు లెండి. కొలిచే ఇంకొకడు వస్తాడు. ఒక్కరి మాటే కాకుండా ఇద్దరు ముగ్గురిని పిలవండి.

ఎర్రమట్టి
పొద తీసిన కర్రను కుప్ప పోసి తగలబెట్టకండి. కర్ణాటకలో మలె మహదేశ్వర కొండల్లో లాంటానా కర్రను ఉడికించి, తోలు తీసి కుర్చీలు, బల్లలు చేస్తున్నారు. నీలగిరుల్లో దాంతోనే నిలువెత్తు ఏనుగు బొమ్మలు చేసి 2021లో లండన్ పార్కుల్లో నిలబెట్టారు. అంత ఓపిక లేకపోతే కనీసం పందిరి గుంజలకూ పొయ్యిలోకీ పనికొస్తుంది.

కొడవలి
నేనైతే పందిని చేస్తా, నిలువెత్తుది. పొలంలో నిలబెడితే వచ్చినవి "ఇక్కడ ఆల్రెడీ ఎవరో ఉన్నారు" అనుకుని పోతాయి.

పాదముద్ర
@కొడవలి ఆడపంది బొమ్మ చేయకు. మగవన్నీ వస్తాయి.

పొలంపిల్ల
పొద తీసిన చోట వానాకాలం పుట్టగొడుగులు విపరీతంగా లేస్తాయి కదా, తినొచ్చా? వెండి చెంచా వేసి ఉడికిస్తే, నల్లబడకపోతే మంచివేనంటారు.

పశువుల_డాక్టరమ్మ
ఆ చెంచా పరీక్ష పూర్తిగా అబద్ధం. అత్యంత విషపు అమానిటా రకాలకు చెంచా నల్లబడదు. ఆ విషం ఉడికించినా పోదు. తిన్న ఆరు నుంచి పన్నెండు గంటల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ సేపు ఏమీ తెలియదు. వాంతులు మొదలై, మధ్యలో తగ్గినట్టే అనిపించి, ఆ తర్వాత కాలేయం పోతుంది. ఏళ్ళుగా ఆ చోటే ఏరుకునేవాళ్ళు చూపించినవి తప్ప ముట్టొద్దు.

నర్సు_సుజాత
గోపి గారూ, పొద కొట్టేవాళ్ళకు నిండు చేతుల చొక్కా, బూట్లు వేయించండి. అలాంటి పొదల్లో కంటికి సరిగా ఆనని చిన్న నల్లి జాతి పురుగులుంటాయి (మంచం నల్లులు కావు), కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. పని అయిన వారం పది రోజులకు జ్వరం, తలనొప్పి వచ్చి, చంకలోనో నడుము దగ్గరో నల్లటి పెచ్చు కనబడితే "పొదలు కొట్టాం" అని డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ముందుగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్‌తో తగ్గుతుంది. మామూలు జ్వరమని వదిలేస్తే ప్రాణం మీదికొస్తుంది. సాయంత్రం ఇంటికి రాగానే స్నానం, బట్టలు వేడినీళ్ళలో.

గట్టుమీద_గోపి
ఇది నాకసలు తెలియదు, చాలా థాంక్స్ అక్కా. కూలీలందరికీ చెబుతా. చివరిగా ఒకటి, @కంచెమేస్త్రి: పొద తీస్తూ పోతుంటే కంచె జరపాలా, ఉన్న చోటే ఉంచాలా?

కంచెమేస్త్రి
ఈ ఏడు ఉన్న చోటే. పొదకూ కంచెకూ మధ్య కనీసం ట్రాక్టరు తిరిగేంత ఖాళీ ఉంచండి. చాటు నుంచి నేరుగా తీగ మీదికి రావడం కంటే ఖాళీ దాటి రావడానికి పంది వెనకాడుతుంది. మీకూ గడ్డి కోయడం తేలిక. తీసిన ముక్కలో పంట వేసే ఏడాది అప్పుడు గుంజలు పీకి ముందుకు జరపండి. అందుకే చెప్పా, సిమెంటు పోసి పాతొద్దని.

మేకలబాబు
చెప్పలేదు.

కంచెమేస్త్రి
ఇప్పుడు చెప్పా కదా.